తల్లి వాటా

అద్దం వెనక ఉన్న లింగానికి ఇరవై ఐదేళ్లు. అద్దం ఇవతల, తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నములుతున్న లింగానికి ఎనిమిది. ఇద్దరూ ఒక్కడేనని ముందు ఆ తల్లిదండ్రుల చేత ఒప్పించాలి, మిగతా మాటలన్నీ ఆ తరవాతే. నా ఉద్యోగం అలాంటిది.

మా కేంద్రం కాకినాడలో ఉంది. మాట రాని పిల్లలు, నడక రాని పిల్లలు, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలు, వీళ్లకి ఏ బడి సరిపోతుంది, పక్కన ఎవరుండాలి, ముందు ఏం నేర్పాలి, ఇవన్నీ తల్లిదండ్రులతో కూర్చుని తేల్చి, ఒక ప్లాను తయారుచేసి, బడివాళ్ల చేత ఒప్పించడం మా పని. నా పేరు విశాలాక్షి. ఎదురుగా మేడంగారంటారు, వెనకాల గయ్యాళి అంటారు. అనుకోనివ్వండి. నోరు లేకపోతే ఈ పిల్లల్ని ఏ హెడ్మాస్టరూ గుమ్మం ఎక్కనివ్వడు.

అద్దం గది వచ్చాక నా గొంతుకి కాస్త విశ్రాంతి దొరికిన మాట నిజమే. పెద్దలు దానికి భవిష్యద్దర్శిని అని పేరు పెట్టారు గానీ, నోరు తిరగక అందరం అద్దం గది అనే అంటాం. ముందుగా పిల్లవాడి ఇంట్లో గోడలకి చొక్కా గుండీలంత యంత్రపు కళ్లు అతికిస్తారు. పదిహేను రోజులపాటు వాడు ఎలా తింటున్నాడు, ఎలా పడుకుంటున్నాడు, భయమేస్తే ఎవరి దగ్గరికి పరిగెడుతున్నాడు, అన్నీ అవి చూసుకుంటాయి. ఆ తరవాత మనం ఒక ప్లాను చెబితే, దాని ప్రకారం పెరిగిన పిల్లవాడు ఇరవై ఐదో ఏట ఒక గంటసేపు ఎలా ఉంటాడో అద్దం వెనక కనిపిస్తాడు. వాడితో మాట్లాడలేం, వాడు మనల్ని చూడలేడు. "ఇది జాతకం కాదండీ, లెక్క" అనేవాడు హిమకర్. ఆ గదిని నడిపే ఇంజనీరు అతను. మా దగ్గర కుదరదని మొండికేసిన హెడ్మాస్టర్లు కూడా ఆ గంట చూశాక మారుమాట లేకుండా సీటు ఇచ్చేవారు. అందుకని ఆ గదిని ఊరికే తిట్టను.

చౌడేశ్వరి, వీరభద్రం ఉప్పాడ నేతగాళ్లు. మొగుడూ పెళ్లాం జాంధానీ చీరలు నేస్తారు. ఒక్కగానొక్క కొడుకు రామలింగం. పిలుపుకి తిరిగి చూడడు, మాట లేదు, నిక్కరు వేసుకోవడం రాదు. ఊళ్లో బడివాళ్లు రెండుసార్లు తిప్పి పంపేశారు. మూడోసారి బడికి పోకుండా చౌడేశ్వరి మా కేంద్రానికి వచ్చి, చాప మీద వాణ్ని కూర్చోబెట్టి, వీణ్ని ఏం చేయమంటారు అని అడిగింది. ఏడవలేదు, బతిమాలలేదు. నాకు వెంటనే నచ్చింది.

గోడల మీది కళ్లు పదిహేను రోజులూ చూశాక, అద్దం గదిలో మొదట ఉప్పాడ బడి ప్లాను చూశాం. పక్కన సాయానికి ఒక మనిషి, సాయంత్రం ఇంటికి. అద్దం వెనక గడ్డం పెరిగిన లింగం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా జుట్టు నెరిసిన చౌడేశ్వరి పప్పూ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ముద్ద ముద్దకీ వాడు నవ్వుతున్నాడు. తనని తను ముసలిదానిగా చూసుకుని చౌడేశ్వరి కూడా నవ్వింది. రెండో ప్లాను కాకినాడలో ప్రత్యేక బడి, రోజూ బస్సు మీద రాకపోకలు. అక్కడా దాదాపు అదే గంట, అవే ముద్దలు. వీరభద్రానికి కళ్లు చెమర్చాయి. ఇంతకంటే ఏం కావాలండీ, మొదటిదే రాసెయ్యండి అన్నాడు.

అప్పుడు అడిగింది చౌడేశ్వరి. ఆ ప్రశ్న ప్రతి తల్లీ అడుగుతుంది. కాకపోతే చాలామంది అన్నీ ఖాయమయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడుగుతారు. ఈవిడ ముందే అడిగింది.

"నేను లేకపోతే ఎలా ఉంటాడో అదీ చూపించండి."

హిమకర్ నా వైపు చూశాడు. అతని ముందున్న పలకలో ఇంట్లో ప్రతి మనిషికీ ఒక గీత ఉంటుంది. పిల్లవాడి రోజులో ఎవరి వాటా ఎంతో ఆ గీతలు చెబుతాయి. లింగం పలకలో తండ్రి వాటా వేలెడంత ఉంది, తల్లి వాటా పలక చివరిదాకా ఉంది. వద్దని చెప్పడానికి నాకు హక్కు లేదు. అతను మొదటి ప్లానులోనే తల్లి వాటాని సున్నాకి దించాడు.

అద్దం వెనక అదే గడ్డం మనిషి, అదే చోట కూర్చున్నాడు. చుట్టాలావిడెవరో పళ్లెం తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోయింది. వాడు పళ్లెం ముట్టలేదు. తల తిప్పి వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నం ఎండుతోంది, ఈగలు ముసురుతున్నాయి, వాడి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. చౌడేశ్వరి లేచి వెళ్లి అద్దం మీద అరిచేతితో తట్టింది. తినరా నాన్నా, తినరా అంది. నేను ఆపెయ్యమన్నాను. ఆమె వద్దంది. గంటా నిలబడే చూసింది. వాడు గంటా గుమ్మం వైపే చూశాడు.

మూడో ప్లాను పెద్దాపురం దాటాక కొండ కింద ఉన్న ఆశ్రమ పాఠశాల. చదువు, భోజనం, పడక అన్నీ అక్కడే. తల్లి వాటా సున్నాలోనే ఉంది. అద్దం వెనక లింగం నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాడు. తనంతట తాను అన్నం తిన్నాడు, పళ్లెం కడిగి బోర్లించాడు, దుప్పటి మడిచాడు, ఆ తరవాత పెద్ద బల్ల దగ్గర కూర్చుని అట్టపెట్టెలు మడిచాడు. గుమ్మం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నవ్వలేదు కూడా. అది నేను గమనించాను, చౌడేశ్వరీ గమనించే ఉంటుంది.

నెలకోసారి తను వెళ్లి చూస్తే ఎలా ఉంటుందని అడిగింది. హిమకర్ గీతని కాస్త పైకి జరిపాడు. పళ్లెం ముందు పెట్టుకుని గుమ్మం వైపు చూసే మనిషి తిరిగి వచ్చాడు. ఏడాదికోసారి అంది. అప్పుడు తింటున్నాడు గానీ, మధ్యమధ్యలో ఆగిపోయి తల తిప్పుతున్నాడు. తండ్రి వాటా ఎంత పెంచినా వాడిలో తేడా లేదు. చౌడేశ్వరి కొడుకు నోట్లోంచి కొంగు మెల్లగా లాక్కుంది.

"నా వాటా సున్నాలో పెట్టెయ్యండి."

నాకు ఒళ్లు మండింది. పిచ్చిగానీ పట్టిందా అని కేకలేశాను. అంతటితో ఆగకుండా హిమకర్ మీద పడ్డాను. ఈ లెక్కలో తల్లి మారుతుందన్న మాటకి చోటుందా అని అడిగాను. అతను నిజాయితీ గల మనిషి, నీళ్లు నమిలి లేదన్నాడు. ఆ పదిహేను రోజుల్లో మనుషులు ఎలా ఉన్నారో ఎప్పటికీ అలాగే ఉంటారన్నదే లెక్కకి ఆధారమని ఒప్పుకున్నాడు. నేను చౌడేశ్వరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ అద్దం చూపించని నాలుగో దారి ఒకటుంది, అది నా చేతి పని అని చెప్పాను. తోడుగా ఉంటూనే తోడు తగ్గించుకుంటూ రావడం. ముందు ముద్ద కలిపి వాడి చేతిలో పెట్టు, కొన్నాళ్లకి కలపడం మానెయ్యి, ఇంకొన్నాళ్లకి పళ్లెం పెట్టి ఊరికే ఎదురుగా కూర్చో. ఈ దారిలో ఎంతోమంది పిల్లల్ని నడిపించాను. ఒక నెల చూసి మాట్లాడదామన్నాను. ఆమె తలూపింది.

నెల అవకుండానే నేనే ఉప్పాడ వెళ్లాను. వెళ్లేసరికి భోజనాల వేళ. లింగం ముందు పళ్లెం ఉంది. ఎదురుగా చౌడేశ్వరి చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వాడు అన్నం వంక చూడడం లేదు, ఆమె మొహంలోకే చూస్తున్నాడు. కాసేపటికి ముందుకి వంగి, ఆమె చెయ్యి బయటికి లాగి, తీసుకొచ్చి అన్నంలో పెట్టాడు. పెట్టి నోరు తెరిచాడు. నిన్న పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట. చౌడేశ్వరి నా వైపు ఒక్క చూపు చూసి, గబగబా ముద్దలు పెట్టేసింది. మర్నాడూ, ఆ మర్నాడూ కూడా అంతేనని వీరభద్రం తరవాత ఫోన్లో చెప్పాడు.

వారం తిరక్కుండా ఆమె ఒక్కతే మా కేంద్రానికి వచ్చింది. నేను ఇంకా ఓపిక పట్టమన్నాను, ఒక పంతులమ్మని ఇంటికి పంపిస్తానన్నాను. చివరిదాకా విని అప్పుడు నోరు తెరిచింది.

"ఆకలేసిన పిల్లోడి ముందు చేతులు కట్టుకుని కూకోవడం నా వల్ల కాదండి. ఇవాళ కాదు, పదేళ్లకైనా కాదు. నా సంగతి నాకు తెలుసు. కళ్ల ముందుంటే పెట్టేస్తాను. నేను పోయాక వాడు అలా గుమ్మం వంక చూస్తా చచ్చిపోతాడు. ఇప్పుడే నన్ను తీసెయ్యండి."

వీరభద్రం ఒప్పుకోలేదు. మూడు నాలుగు వారాలు ఇంట్లో మాటల్లేవు. పొయ్యి వెలిగేది, మగ్గం నడిచేది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే చీర నేసేవారు, అంతే. ఆఖరికి అతనే దిగివచ్చాడు. ఆమె పట్టు అలాంటిది. ఆశ్రమ పాఠశాలకి తీసుకెళ్లింది అతనే. బయలుదేరే ముందు చౌడేశ్వరి కొడుక్కి తలస్నానం చేయించి, జుట్టు దువ్వి, పెరట్లోకి వెళ్లిపోయింది. బస్సు హారను వినిపించేదాకా బట్టలు ఉతుకుతూనే ఉందట.

ఆ తరవాత నెలనెలా వీరభద్రమే వెళ్లేవాడు. ఉప్పాడ నుంచి అక్కడికి పట్టుమని రెండు గంటల ప్రయాణం కూడా లేదు. ఆమె మాత్రం వెళ్లలేదు. అతను తిరిగొచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉండేది. చిక్కాడా, దగ్గుతున్నాడా, కాళ్లకి గజ్జి తగ్గిందా, ఇవే ప్రశ్నలు. మొదట్లో లింగం తండ్రిని చూడగానే అతన్ని దాటుకుని గేటు దాకా పరిగెత్తేవాడు, వెనక ఇంకెవరన్నా వస్తున్నారేమోనని. వీరభద్రం ఆ మాట దాచేవాడు కాదు, దాచితే ఆమె పట్టేసేది. ఒక నెల వచ్చి, ఇవాళ వాడు గేటు వంక చూడలేదే అన్నాడు. మంచిదే కదా అంది చౌడేశ్వరి. అని లోపలికెళ్లి చాప వేసుకుని పడుకుంది, రెండు రోజులు లేవలేదు.

ఏటేటా ప్లానుని సరిచూడడానికి నేను ఆ పాఠశాలకి వెళ్లేదాన్ని. లింగం నేర్చుకుంటున్నాడు. చొక్కా గుండీలు వచ్చాయి, పళ్లు తోముకోవడం వచ్చింది, నీళ్లు, అన్నం, నొప్పి, బస్సు అనే మాటలు వచ్చాయి. అద్దం చూపించినవన్నీ ఒక్కొక్కటే నిజమవుతున్నాయి. నేను సంతోషపడాల్సింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరికే చిరాకు పడేదాన్ని.

చౌడేశ్వరి ఆ గదిని మర్చిపోలేదు. చీరలు అప్పగించడానికి కాకినాడ వచ్చినప్పుడల్లా మా కేంద్రం వైపు తిరిగేది. మొదటిసారి వచ్చి, ఉప్పాడ బడి ప్లాను మళ్లీ ఒక్కసారి చూపించమని అడిగింది. ఒక ప్లాను ఖాయమయ్యాక మిగతావి చూపించకూడదని రూలు. చూపిస్తే మనుషులు అక్కడే ఆగిపోతారని ఆ రూలు పెట్టారు, అది మంచి రూలే. నేను గట్టిగానే కసిరాను. ఆమె సరేనండి అని లేచింది. గేటు దాకా వెళ్లనిచ్చి, మళ్లీ నేనే పిలిచాను.

గది తలుపు వేసి, ఇద్దరం అద్దం ముందు కూర్చున్నాం. అద్దం వెనక నెరిసిన చౌడేశ్వరి ముద్దలు పెడుతోంది, గడ్డం లింగం నవ్వుతున్నాడు. నా పక్కన కూర్చున్న చౌడేశ్వరి వాడి నోరు తెరుచుకున్నప్పుడల్లా తనూ కాస్త నోరు తెరిచేది. గంట అయ్యాక కళ్లు తుడుచుకుని, బాగానే తింటున్నాడండి అంది.

ఆ తరవాత ఏటా రెండు మూడుసార్లు వచ్చేది. హిమకర్ బెంగళూరు వెళ్లిపోయాడు, కొత్త కుర్రాళ్లు వచ్చారు, వాళ్లకి నేనంటే హడలు, ఏమీ అడిగేవారు కాదు. ఒకసారి గంట మధ్యలో నా వైపు తిరిగి, అక్కడ నేను ఎప్పుడూ ఖాళీగానే ఉన్నానండి, నేత మానేసినట్టున్నాను అని నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆమె మొహం అప్పటికే పసుపు పచ్చగా ఉంది. ఆసుపత్రికి వెళ్లమన్నాను. వెళ్తానంది, వెళ్లలేదు. కామెర్లు ముదిరి, లివరు పాడైందని తెలిసేసరికి చేయి దాటిపోయింది. అద్దంలో ఉన్నంత ముసలిది కాకుండానే పోయింది.

చివరి రోజుల్లో చూడడానికి వెళ్లాను. లింగాన్ని పిలిపించనా అని అడిగాను. వాడికి పంతొమ్మిదేళ్లు, ఒక్కడే బస్సెక్కి రాగలడని కూడా చెప్పాను. ఆమె పైకప్పు వంక చూసింది. వద్దండి, వాడు నన్ను మర్చిపోడానికి ఇన్నాళ్లు పట్టింది అంది.

పెద్దకార్యానికి మాత్రం కొడుకు ఉండాలని చుట్టాలు పట్టుబట్టారు. నేను వెళ్లి తీసుకొస్తానంటే పాఠశాలవాళ్లు అక్కర్లేదన్నారు. అన్నట్టే లింగం ఒక్కడే వచ్చాడు. ఉతికిన చొక్కా, భుజానికి సంచి, చేతిలో టికెట్టు. బస్సు దిగి అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటాడు. బ్రాహ్మడు చెప్పినట్టల్లా చేశాడు. నీళ్లు వదలమంటే వదిలాడు, దణ్ణం పెట్టమంటే పెట్టాడు. తల్లి ఫొటో ముందు నిలబెడితే నిలబడ్డాడు. అందులో ఉన్నది ఎవరో వాడికి తెలిసిందో లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ తరవాత పంక్తిలో కూర్చుని, ఒక్క మెతుకు కింద పడకుండా అన్నం తిన్నాడు. ఆడవాళ్లు చూసి ఏడ్చారు. చౌడేశ్వరి ఉంటే ఎంత మురిసిపోయేదో అని ఒకావిడ అంది.

వీరభద్రం నన్ను మగ్గం సాలలోకి రమ్మన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. మగ్గం కింద కాళ్లాడించే గుంట పక్కన చతికిలబడి, తల వంచుకుని మాట మొదలుపెట్టాడు.

"వీడు చిన్నప్పుడు కూడా తినేవాడండి."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

జాంధానీకి మగ్గం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి, బుటా పువ్వు నేస్తుండగా మధ్యలో ఒకరు దిగితే రెండోవాళ్ల చెయ్యి కూడా ఆగిపోతుంది. అందుకని రోజూ పళ్లెంలో అన్నం కలిపి, గుంట పక్కన నేల మీద వాడి ముందు పెట్టేసి, ఇద్దరూ నేతలో పడిపోయేవారట. వాడు రెండు చేతులతోనూ తినేవాడు, సగం పారబోసేవాడు, కోళ్లు వచ్చి వాడితో పాటే తినేవి. కానీ తినేవాడు. తల్లి వైపు తిరిగి కూడా చూసేవాడు కాదు. ఆమె కాళ్లు గుంటలో ఆడుతున్న చప్పుడు వినిపిస్తే వాడికి చాలు.

"మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదయ్యా" అన్నాను.

"గోడలకి కళ్లు పెడతామన్నారు కదండి. బుద్ధి లేని పిల్లోణ్ని కోళ్లతో పాటు నేల మీద ఒదిలేసి, తల్లీ తండ్రీ మగ్గం మీద కూకున్నారంటే ఆపీసులో ఏమనుకుంటారు? వీళ్లకి పిల్లోడి మీద ప్రేమ లేదంటారు. అందుకని ఆ పదిహేను రోజులూ అది మగ్గం ఎక్కలేదండి. తిండీ, నీళ్లూ, అన్నీ దాని చేత్తోనే. నేనే చెప్పాను, ఈ నాలుగు రోజులూ నేత మానెయ్యవే అని."

నేను మగ్గం పట్టె పట్టుకుని నిలబడిపోయాను. యంత్రం నేర్చుకున్నది ఆ పదిహేను రోజులే. దానికి తెలిసిన తల్లి చేత్తో తినిపించే తల్లి ఒక్కతే. లింగం కూడా ఆ పదిహేను రోజుల్లోనే ముద్దలకి అలవాటు పడిపోయాడు. ఆ తరవాత నేను చెప్పానని ఆమె ఎదురుగా కూర్చుంది. ఎదురుగా కూర్చుంది కాబట్టే వాడు తినలేదు. పళ్లెం పెట్టేసి వెళ్లి మగ్గం ఎక్కి ఉంటే, ఒకటి రెండు పూటలు చూసి వాడే తినేసేవాడు. రోజూ పక్కనే ఉండి, వీపు తిప్పుకుని నేసుకుంటూ, కొడుకుని దగ్గరే పెంచుకోగలిగి ఉండేది. ఎప్పుడూ ఎవరిమీదో ఒకరి మీద కోపం తెచ్చుకునే నాకు ఆ క్షణాన ఎవరి మీదా కోపం రాలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

ఆ పదిహేను రోజుల వల్లే ఇలా అయిందని చౌడేశ్వరికి తట్టిందా అని అడిగాను. తట్టలేదన్నాడు. తనకి కూడా లింగం వెళ్లిన రెండేళ్లకి, ఒకరోజు ఒంటరిగా పోగులు సరిచేస్తుంటే తట్టిందట.

"చెప్పలేదండి. అప్పటికే వాడు గేటు వంక చూడ్డం మానేశాడు. అనవసరంగా పంపేశామని చెబితే అది బతికేదా? దాని మనసులో వాడి కోసం చేశానన్న మాటన్నా ఉండనీ అనుకున్నాను."

లింగం సాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, సంచి భుజాన తగిలించుకున్నాడు. మగ్గం వైపు చూశాడు, గుంట వైపు చూశాడు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"బస్సు ఎప్పుడు?" అని అడిగాడు.

వీరభద్రం కళ్లు తుడుచుకుని, ఇంకో పావుగంటలో ఉందిరా, పద అన్నాడు. ముగ్గురం రోడ్డు మీదకి వచ్చాం. ఈ రాత్రికి ఉంచేసుకోకూడదా అని చుట్టాలు వెనక నుంచి అంటూనే ఉన్నారు. ఉండమని వీరభద్రం అడగలేదు, నేనూ అడగలేదు. బస్సు వచ్చింది. లింగం బోర్డు చూసుకుని ఎక్కాడు, కండక్టరుకి ఊరి పేరు చెప్పాడు, కిటికీ పక్కన కూర్చున్నాడు. వీరభద్రం చెయ్యెత్తాడు. వాడు ముందుకే చూస్తున్నాడు. బస్సు కదిలి, సముద్రం పక్క రోడ్డు మీదుగా మలుపు తిరిగింది.

"వాడు బెంగపెట్టుకోలేదు కదండి" అన్నాడు వీరభద్రం, చెయ్యి ఇంకా దించకుండా.

లేదన్నాను.

"అది కోరుకుంది అదే కదండి" అన్నాడు. అని, అక్కడే రోడ్డు పక్కన కూలబడి, ఆమె పోయిన రోజు కూడా ఏడవని మనిషి, పెద్దగా ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.